రెండు బెంచీలూ చూసిన సంజీవయ్య

ఓర్వకల్లులో ఏ టీ కొట్టు దగ్గరైనా పది నిమిషాలు నిలబడండి. ఒక ప్రశ్న తప్పకుండా చెవిన పడుతుంది. ఈ ఇండస్ట్రియల్ కారిడార్ వస్తే మనోళ్లకి జాబులు ఎన్నొస్తాయి? 2021లో విమానాశ్రయం మొదలైంది. 2024 ఆగస్టులో కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన 12 పారిశ్రామిక నోడ్లలో ఓర్వకల్లు ఒకటి, కడప దగ్గరి కొప్పర్తి ఇంకొకటి. భూములున్నాయి, బోర్డులున్నాయి. జాబుల సంఖ్య మాత్రం ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు.

బీటెక్ అయ్యాక ఏడాదికి పైగా నేనూ ఇలాంటి ప్రశ్నలే వేసుకుంటూ తిరిగాను. ఫ్రెండ్స్‌ని అడిగాను, వాట్సాప్ గ్రూపుల్లో అడిగాను. జవాబు చెప్పాల్సిన బాధ్యత ఉన్నవాళ్లు వాళ్లలో ఒక్కరూ లేరు. అసలు అలాంటి బాధ్యత ఎవరికైనా ఉందా? ఉంది. చట్టసభలో సభ్యుడు పద్ధతిగా ప్రశ్న వేస్తే మంత్రి జవాబు చెప్పాలి, అది రికార్డులో ఉండిపోతుంది. ఈ పద్ధతిని అడిగే వైపు నుంచీ, జవాబు చెప్పే వైపు నుంచీ చూసిన మనిషి ఒకాయన మన కర్నూలు పక్కనే పుట్టాడు. ఆయనే దామోదరం సంజీవయ్య. క్లాట్ రాసిన వాళ్లకు విశాఖపట్నంలోని న్యాయ విశ్వవిద్యాలయం పేరుగా తెలిసే ఉంటుంది. ఆ పేరు వెనకాల మనిషి కథ మీలాంటి ఒక నిరుద్యోగి కథ కూడా.

లెక్కల డిగ్రీ, దొరకని కొలువు

1921 ఫిబ్రవరి 14న పెద్దపాడులో, మాల కుటుంబంలో పుట్టాడు సంజీవయ్య. పుట్టిన కొద్ది రోజులకే తండ్రి మునెయ్య పోయాడు. తల్లి సుంకులమ్మ పిల్లల్ని తీసుకుని పాలకుర్తిలో పుట్టింటి వాళ్ల దగ్గరికి చేరింది. అక్కడ కొన్నాళ్లు ఆ పిల్లవాడు పశువులు కాశాడు. సెంటు భూమి లేని ఇల్లు, కూలికి పోతేనే పొయ్యి వెలిగేది. తర్వాత కర్నూలు మునిసిపల్ హైస్కూల్లో చేరి 1938లో ఎస్సెస్సెల్సీ పూర్తి చేశాడు. అక్కణ్నుంచి అనంతపురం దత్తమండల కళాశాల. గణితం చదివి 1942లో బీఏ పట్టా పుచ్చుకున్నాడు.

ఆ ఏడాది గుర్తుంచుకోండి. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. మన సీమలో ఒక దళిత కుర్రాడు డిగ్రీ దాకా రావడమే అరుదు. అయినా ఆ డిగ్రీకి తగ్గ ఉద్యోగం వెంటనే రాలేదు. యుద్ధకాలపు రేషనింగ్ ఆఫీసులో గుమాస్తా పని చేశాడు, పంతులు పని చేశాడు. అన్నీ తాత్కాలికమే. ఒకటి అయిపోతే ఇంకొకటి వెతుక్కోవడమే. కాంట్రాక్టు జాబు అనే మాట అప్పుడు ఇంతగా వాడుకలో లేదేమో గానీ, ఆ పరిస్థితి మాత్రం మీకు తెలిసిందే.

తర్వాత మద్రాసు వెళ్లి లా కాలేజీలో చేరాడు. చదువు ఖర్చు కోసం జార్జిటౌన్‌లో ఒక బడిలో లెక్కలు చెప్పాడు. 1948లో లా డిగ్రీ వచ్చింది. రెండేళ్లలోనే, 1950లో, ఢిల్లీలో తాత్కాలిక పార్లమెంటు సభ్యుడయ్యాడు. అప్పటికి ఆయనకు ముప్పై కూడా నిండలేదు. ఇంచుమించు నా వయసే.

అడిగే బెంచీ

తాత్కాలిక పార్లమెంటు అంటే ఏంటో ఒక్క ముక్కలో చెప్తాను. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. మొదటి సాధారణ ఎన్నికలు ఇంకా కాలేదు. 1952లో కొత్త సభలు ఏర్పడేదాకా ఒకే సభ పార్లమెంటుగా పనిచేసింది. సంజీవయ్య అందులో కూర్చున్నాడు. సభ్యులు మంత్రుల్ని ప్రశ్నించే పద్ధతి కళ్లెదుట నడుస్తుండగా చూశాడు.

ఆ పద్ధతి మనకు ఊరికే రాలేదు. బ్రిటిష్ వాళ్ల శాసన మండళ్లలో 1892 చట్టం దాకా సభ్యులకు ప్రశ్న అడిగే హక్కే లేదు. ఆ చట్టం వచ్చాక అడగొచ్చు గానీ, వచ్చిన జవాబు మీద తిరిగి అడగకూడదు. తిరిగి అడిగే అవకాశం 1909 చట్టంతో వచ్చింది, అదీ మొదట ప్రశ్న వేసిన సభ్యుడికే. దీన్నే అనుబంధ ప్రశ్న అంటారు. మనం సప్లిమెంటరీ అంటే పరీక్ష గుర్తు చేసుకుంటాం. సభలో మాత్రం సప్లిమెంటరీ అంటే మంత్రికి పరీక్ష. రాసి తెచ్చుకున్న జవాబు చదివేయడం ఎవరికైనా సులువే. ఆ జవాబులోనే ఒక మాట పట్టుకుని సభ్యుడు లేచి అడిగితే, శాఖ గురించి మంత్రికి ఎంత తెలుసో అక్కడ బయటపడుతుంది.

జవాబు చెప్పే బెంచీ

1952 ఎన్నికల్లో సంజీవయ్య మద్రాసు శాసనసభకు గెలిచాడు. రాజాజీ మంత్రివర్గంలో చోటు దొరికింది. వయసు 31. నిన్నటి దాకా అడిగే వైపు ఉన్నవాడు ఇప్పుడు జవాబు చెప్పే వైపుకి మారాడు. ఆ సభలో ఎదుటి పక్షం నాయకుడు అనంతపురం నుంచి గెలిచిన తరిమెల నాగిరెడ్డి. సీమ కరువు గురించి, పేదల బతుకు గురించి ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అలాంటి వాళ్ల ముందు పైపై జవాబులు నిలబడవు.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, కర్నూలు రాజధాని అయింది. సరిపడా భవనాలు లేక చాలా ఆఫీసులు డేరాల్లో నడిచాయి. మంత్రులు జవాబు చెప్పుకోవాల్సిన సభ మన ఊళ్లోనే కూర్చుంది. జవాబు సభకు నచ్చకపోతే ఏమవుతుందో కూడా కర్నూలు చూసింది. 1954 నవంబర్ 6న మద్యనిషేధం వ్యవహారం మీద ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

ఆంధ్ర రాష్ట్రంలోనూ, 1956 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లోనూ సంజీవయ్య మంత్రిగా పనిచేశాడు. 1960 జనవరి 11న ముఖ్యమంత్రి అయ్యాడు. దేశంలో ఆ పదవి ఎక్కిన మొదటి దళితుడు ఆయనే, అప్పటికి 39 నిండలేదు. వృద్ధాప్య పింఛన్లు, లంచగొండి ఉద్యోగుల్ని పట్టుకునే ఏసీబీ ఆయన కాలంలోనే మొదలయ్యాయి. 1962 మార్చిలో పదవి దిగాడు. అదే ఏడాది కాంగ్రెస్ అధ్యక్షుడయ్యాడు.

ఉద్యోగాల మంత్రిగా మాజీ నిరుద్యోగి

1964 జూన్‌లో లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో సంజీవయ్యకు ఇచ్చిన శాఖ కార్మిక, ఉపాధి శాఖ. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు, ఐటీఐ శిక్షణ, అప్రెంటిస్ చట్టం అన్నీ ఆ శాఖ కిందే ఉండేవి. ఇరవై ఏళ్ల కింద డిగ్రీ చేత పట్టుకుని పని వెతుక్కున్న మనిషి, ఇప్పుడు దేశంలో పని లేనివాళ్ల గురించి పార్లమెంటుకు జవాబుదారీ అయ్యాడు.

ఇక్కడ ఒక చిన్న విషయం. అది ఇంటర్వ్యూల్లో కూడా పనికొస్తుంది. ఆయన అప్పుడు రాజ్యసభ సభ్యుడు. మరి లోక్‌సభలో ఎలా జవాబు చెప్తాడు? రాజ్యాంగం 88వ అధికరణం ప్రకారం మంత్రి ఏ సభలోనైనా మాట్లాడొచ్చు, ఓటు మాత్రం తన సభలోనే.

ఆయన ముందున్న పెద్ద చిక్కు బోనస్. కార్మికుడికి లాభంలో వాటా ఎంత, నష్టం వచ్చిన ఏడాది ఇవ్వాలా వద్దా అనే గొడవ ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరుగుతోంది. 1961లో వేసిన బోనస్ కమిషన్ 1964 మొదట్లో నివేదిక ఇచ్చింది. ప్రభుత్వం కొన్ని మార్పులతో దాన్ని ఆ సెప్టెంబర్‌లో ఒప్పుకుంది. ఆ మార్పులు యాజమాన్యాల వైపు మొగ్గాయని కార్మిక సంఘాలు అభ్యంతరం చెప్పాయి. లోక్‌సభలో ఎదుటి బెంచీల మీద ఇంద్రజిత్ గుప్తా లాంటి, కార్మిక సంఘాల్లో పండిపోయిన సభ్యులు ఉన్నారు. 1965 మేలో ఆర్డినెన్సు వచ్చింది, సెప్టెంబర్‌లో బోనస్ చెల్లింపు చట్టం అయింది. లాభమొచ్చినా రాకపోయినా జీతంలో కనీసం 4 శాతం, గరిష్ఠంగా 20 శాతం. తర్వాత కనీసం 8.33 శాతానికి పెరిగింది. 2019 వేతనాల కోడ్‌లోనూ అదే శాతం ఉంది. రేపు మీ పే స్లిప్పులో బోనస్ అనే వరుస కనపడితే, దాని వెనక ఈ కథ ఉందని గుర్తుపెట్టుకోండి.

తర్వాత పరిశ్రమల శాఖ చూశాడు. 1970లో మళ్లీ కార్మిక శాఖకే వచ్చాడు. కార్మిక సమస్యల మీద ఒక పుస్తకం కూడా రాశాడు. 1971లో రెండోసారి కాంగ్రెస్ అధ్యక్షుడై, ఆ పదవిలో ఉండగానే 1972 మేలో ఢిల్లీలో కన్నుమూశాడు. 51 ఏళ్లు. అన్ని పదవులు చేసి ఆస్తి కూడబెట్టుకోని మనిషిగా జనం ఆయన్ని గుర్తుపెట్టుకున్నారు.

మరి మన ప్రశ్న సంగతి?

ఇప్పుడు టీ కొట్టు దగ్గరికి తిరిగొద్దాం. జాబులెన్ని అనే మన ప్రశ్న సభకు ఎలా చేరుతుంది?

పార్లమెంటులో ప్రశ్నలు ముఖ్యంగా రెండు రకాలు. చుక్క గుర్తు ఉన్నదానికి మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలుంటాయి. గుర్తు లేనిదానికి రాతలో జవాబిస్తే చాలు. సభ్యుడు 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. లోక్‌సభలో రోజుకు 20, రాజ్యసభలో 15 చుక్క గుర్తు ప్రశ్నలే జాబితాలోకి వస్తాయి. ఎవరివి రావాలో లాటరీ తేలుస్తుంది. లోక్‌సభలో ప్రశ్న 150 మాటలు దాటకూడదు. వాదనలు, నిందలు, ఊహలు ఉంటే కొట్టేస్తారు. మన శాసనసభలోనూ ఇలాంటి నిబంధనలే, అంకెలు కొంచెం మారతాయి.

అందుకే మా వాళ్లకి జాబులు ఎందుకు ఇవ్వట్లేదు అని అడిగితే అది ఆవేశం, ప్రశ్న కాదు. నేనైతే ఇలా రాస్తాను. అ) ఓర్వకల్లు నోడ్‌లో ఇప్పటిదాకా ఎన్ని సంస్థలకు ఎన్ని ఎకరాలు కేటాయించారు? ఆ) వాటిలో ఉత్పత్తి మొదలుపెట్టినవి ఎన్ని? ఇ) వాటిలో పనిచేస్తున్నవాళ్లు ఎందరు, అందులో స్థానికులు ఎందరు? ఈ) మిగతావి మొదలయ్యే గడువు ఎప్పుడు? ప్రతిదానికీ జవాబు ఒక అంకె లేదా ఒక తేదీ. తప్పించుకోవడానికి సందు తక్కువ. కోడింగ్‌లో ఇన్‌పుట్ సరిగ్గా ఇవ్వకుండా అవుట్‌పుట్ మీద కోప్పడితే లాభం లేదు కదా, ఇదీ అంతే.

మంత్రి సమాచారం సేకరిస్తున్నాం అనో, పరిశీలనలో ఉంది అనో చెప్పి కూర్చుంటే? దాన్ని హామీ కింద లెక్కేస్తారు. మూడు నెలల్లో నెరవేర్చాలి. వెంటపడటానికి లోక్‌సభలో హామీల కమిటీ 1953 నుంచీ ఉంది. రాజ్యసభలో అలాంటి కమిటీ సంజీవయ్య పోయిన 1972లోనే ఏర్పడింది.

ఇదంతా చదివి ప్రశ్న వేస్తే జాబ్ వచ్చేస్తుందని అనుకోవద్దు. రాదు. చాలా ప్రశ్నలు లాటరీలో పోతాయి. చాలా రోజులు ప్రశ్నోత్తరాల సమయం గొడవల్లోనే గడిచిపోతుంది. 2020 సెప్టెంబర్ సమావేశాల్లో కోవిడ్ పేరుతో అసలు ఆ గంటే తీసేశారు. కానీ జవాబు వచ్చిన రోజు దాని బలం వేరు. ఎల్ఐసీ డబ్బు ముంద్రా కంపెనీల్లో పెట్టడం మీద 1957లో లోక్‌సభలో మొదలైన ప్రశ్నలు, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టీటీ కృష్ణమాచారి రాజీనామా దాకా వెళ్లాయి. సభలో తప్పు చెప్తే మంత్రి మీద హక్కుల తీర్మానం పెట్టొచ్చు. టీ కొట్టు దగ్గర తప్పు చెప్పినవాణ్ని ఏం చేస్తాం?

ఈ వారం ఒక పని చేయండి. సన్సద్ డాట్ ఇన్ వెబ్‌సైట్లోకి వెళ్లి ప్రశ్నల విభాగంలో మీ జిల్లా పేరు కొట్టి చూడండి. మీ ఎంపీ ఏం అడిగారో, మంత్రి ఏ అంకె ఇచ్చారో కనపడుతుంది. మీరు చదివే కోర్సు మీదా, మీరు రాయబోయే పరీక్ష ఖాళీల మీదా ఇప్పటికే ఎవరో అడిగి ఉండొచ్చు. ఎవరూ అడగకపోతే, నలుగురు కూర్చుని పై పద్ధతిలో ఒక ప్రశ్న రాసి, సంతకాలు పెట్టి మీ ఎమ్మెల్యేకో ఎంపీకో ఇవ్వండి. తయారుగా ఉన్న ప్రశ్నని సభ్యుడు తీసుకోవడం సులువు.

పెద్దపాడు కుర్రాడు పని కోసం తిరిగిన రోజుల్లో దేశం పరాయి పాలనలో ఉంది. ఆయన తరఫున నిలదీయడానికి ఆయన ఓటుతో గెలిచిన సభ్యుడంటూ లేడు. మీకు ఓటు ఉంది, సభ్యుడు ఉన్నాడు, రికార్డు ఫోన్లోనే ఉంది. మిగిలింది ప్రశ్న సరిగ్గా రాయడమే.