దుర్గాబాయి దేశ్‌ముఖ్

దుర్గాబాయి దేశ్‌ముఖ్ (1909 జూలై 15 - 1981 మే 9) స్వాతంత్ర్య సమరయోధురాలు, న్యాయవాది, సంఘసేవకురాలు, రచయిత్రి. భారత రాజ్యాంగ సభలో సభ్యురాలు. ఆంధ్ర మహిళా సభను స్థాపించి, స్త్రీ శిశు సంక్షేమానికి జీవితాన్ని అంకితం చేసింది.

బాల్యం, వివాహం

ఈమె రాజమండ్రిలో కృష్ణవేణమ్మ, రామారావు దంపతులకు జన్మించింది. కాకినాడలో పెరిగింది. ఎనిమిదేళ్ళ వయసులోనే ఈమెకు పెళ్ళి చేశారు. యుక్తవయసు వచ్చాక ఆ బంధాన్ని నిరాకరించి, భర్త మరొకరిని వివాహమాడడానికి సమ్మతించింది. అతడు మరణించిన తరువాత, వితంతువైన అతని రెండవ భార్యకు ఆంధ్ర మహిళా సభలో వృత్తివిద్య నేర్పించి ఆదరించింది.

పాఠశాలలో ఆంగ్ల మాధ్యమం పట్ల నిరసనగా పన్నెండేళ్ళ ప్రాయంలో చదువు మానివేసి, బాలికల కోసం హిందీ పాఠశాల నడిపింది. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినపుడు దేవదాసీలు, ముస్లిం స్త్రీలు ఆయనను కలుసుకొనేలా ఏర్పాటు చేసింది. 1923 కాకినాడ కాంగ్రెసు సందర్భంగా జరిగిన ఖాదీ ప్రదర్శనలో స్వచ్ఛంద సేవకురాలిగా ఉండి, టిక్కెట్టు లేనందున జవహర్‌లాల్ నెహ్రూనే లోపలికి వెళ్ళకుండా ఆపింది.

కారాగారం నుండి న్యాయస్థానానికి

ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని, 1930 - 1933 మధ్య మూడుసార్లు జైలుకు వెళ్ళింది. చట్టం తెలియక శిక్షలు అనుభవిస్తున్న నిరుపేద స్త్రీలను అక్కడ చూసి న్యాయవాది కావాలని నిశ్చయించుకొంది. విడుదలయ్యాక, మధ్యలో వదలిన చదువును తిరిగి ఆరంభించి, బెనారసు విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్ర పట్టం పూర్తిచేసింది. 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొంది, అక్కడే న్యాయవాద వృత్తి చేపట్టింది.

తనవలె ఆలస్యంగా చదువుకొనే స్త్రీలను పరీక్షలకు సిద్ధం చేయడానికి మద్రాసులో ప్రారంభించిన తరగతులే 1937లో ఏర్పడిన ఆంధ్ర మహిళా సభకు బీజం. తరువాతి కాలంలో ఆ సంస్థ హైదరాబాదుకు కూడా విస్తరించి, విద్యాలయాలు, ఆసుపత్రి నెలకొల్పింది.

ప్రజాజీవితం

1946లో మద్రాసు నుండి రాజ్యాంగ సభకు ఎన్నికై, సభాధ్యక్షుల జాబితాలో స్థానం పొందిన ఏకైక మహిళగా నిలిచింది. హిందూ స్త్రీల ఆస్తిహక్కు కోసం వాదించింది. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసును 35 నుండి 30 సంవత్సరాలకు తగ్గించాలన్న సవరణ ఈమె ప్రతిపాదించినదే. 1952లో ప్రణాళికా సంఘ సభ్యురాలయింది. 1953 జనవరి 22న కేంద్ర ఆర్థికమంత్రి చింతామన్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను వివాహమాడింది. ఆ వివాహానికి నెహ్రూ ఒక సాక్షి.

1953 ఆగస్టులో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఈమె తొలి అధ్యక్షురాలు. గ్రామాలలో బాలవాడీలు, ప్రసూతి సేవలు, వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాకోర్సులు ఆ మండలి ద్వారా వ్యాపించాయి. 1958లో స్త్రీవిద్యపై నియమించిన జాతీయ సంఘానికి అధ్యక్షత వహించింది.

చైనా పర్యటనలో అక్కడి కుటుంబ న్యాయస్థానాలను పరిశీలించి, మన దేశంలోనూ అవి అవసరమని కోరింది. ఆ చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఈమె మరణించి మూడేళ్ళయింది.

రచనలు, గౌరవాలు

భర్తతో సాగిన జీవితాన్ని "చింతామన్ అండ్ ఐ" అనే ఆంగ్ల గ్రంథంలో వివరించింది. 1975లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్‌తో సత్కరించింది.