చెఱలోని బాలరాజు

ఐరోపాలో ఒకప్పుడు సన్నని దంతపు పలకలపై నీటిరంగులతో అరచేతిలో నిముడు చిత్తరువులను వ్రాసి, పతకములలో పొదిగి ధరించు ఆచార ముండెను. అట్టి చిత్తరువులలో ఫ్రాన్సు రాకుమారుడైన లూయీ షార్ల్ ముఖమును చూచినవారి మనస్సు కరుగక మానదు. భుజములపై జాఱు మెత్తని కురులు, నిండు చెక్కిళ్ళు, నిర్మలమైన నీలి కన్నులు ఆ బాలునివి.

అతడు 1785 మార్చి 27వ తేదీన వెర్సాయి రాజభవనమున జన్మించెను. తండ్రి పదునాఱవ లూయీ. తల్లి మరీ ఆంత్వానెత్. 1789 జూన్‌లో అన్న మరణింపగా, నాలుగేండ్ల ప్రాయముననే యువరాజయ్యెను. ఆ యేడే విప్లవము చెలరేగెను. పన్నుల బరువు క్రింద నలిగి, రొట్టె దొరకక అలమటించిన ప్రజలు రాజకుటుంబమును పారిస్ నగరమునకు తరలించిరి. 1791లో వారు రహస్యముగా పారిపోజూచి వరెన్ అను ఊరిలో పట్టుబడిరి. 1792 ఆగస్టులో టెంపుల్ అను పాతకోట బురుజున బందీలైరి.

1793 జనవరి 21న రాజునకు శిరశ్ఛేదము జరిగెను. రాజభక్తులు చెఱలోని బాలునే పదునేడవ లూయీ యని పిలిచిరి. ఆ పేరే వానికి శాపమయ్యెను. జూలై 3వ తేదీ రాత్రి వానిని తల్లి యొడినుండి వేఱుచేసి, సీమోన్ అను చెప్పులు కుట్టువాని సంరక్షణలో నుంచిరి. అక్టోబరు 16న తల్లినిగూడ వధించిరి. 1794 జనవరిలో సీమోన్ వెడలిపోగా, బాలుని ఒంటరిగా గదిలో బంధించిరి. అదే బురుజులో పై యంతస్తున అక్క యున్నను, ఆమెను చూడనీయరైరి. ఆట లేదు; పలుకరించు వారు లేరు. వ్యాధితో కృశించి, 1795 జూన్ 8న పదేండ్ల ప్రాయమున అతడు కన్నుమూసెను.

పిమ్మట తామే ఆ రాకుమారులమని అనేకులు బయలుదేరిరి. పసినాటి చిత్తరువు పెరిగిన మనుష్యుని గుర్తింప జాలదు గదా! అయితే శవపరీక్ష చేసిన వైద్యుడు పెల్‌తాన్ ఆ బాలుని గుండెను రహస్యముగా తీసి దాచెను. రెండు శతాబ్దములకు, 2000లో, శాస్త్రజ్ఞులు దాని జన్యుపదార్థమును మరీ ఆంత్వానెత్ కేశములతో పోల్చి, తల్లి వంశపు బంధమును నిర్ధారించిరి. 2004 జూన్ 8న ఆ గుండెను సాన్ దెనీ దేవాలయమున, రాజుల సమాధులచెంత నుంచిరి.

1789లో మానవహక్కులను లోకమునకు చాటినది ఆ విప్లవమే. ప్రజలు స్వేచ్ఛను కోరుట న్యాయము. కాని తన పుట్టుకను తాను ఎంచుకొనని పసివానిని శిక్షించుట ఏ న్యాయము? ఆ చిన్న చిత్తరువులోని కన్నులు నేటికిని అడుగుచున్న ప్రశ్న యిదియే.