మట్టినీటిలో క్రమాన్ని దర్శించిన లాంగ్‌మ్యూర్

వాన వెలిసిన పిదప మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాల చెరువులనుండి బురదనీరు తెచ్చి గాజుపాత్రలో ఉంచితే, ఇసుక త్వరగా అడుగున చేరుతుంది. సన్నని బంకమట్టి మాత్రం ఎంతోకాలం నీటిలోనే తేలాడుతుంది. మనమందరం చూచి ఉపేక్షించే ఇట్టి మట్టినీటిలో ఒక ప్రకృతి నియమాన్ని గుర్తించిన మహాశాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్. ఆయన జీవితాన్ని విద్యార్థి మిత్రులకు పరిచయం చేయదలచినాము.

లాంగ్‌మ్యూర్ 1881 జనవరి 31న అమెరికాలోని బ్రూక్లిన్‌లో జన్మించినారు. 1903లో కొలంబియా విశ్వవిద్యాలయంలో పట్టం పొంది, జర్మనీలోని గోటింగెన్‌లో నెర్న్‌స్ట్ పండితుని వద్ద పరిశోధించి 1906లో డాక్టరేటు సాధించినారు. కొంతకాలం అధ్యాపకులుగా పనిచేసి, 1909లో జనరల్ ఎలెక్ట్రిక్ కంపెనీ ప్రయోగశాలలో చేరినారు. విద్యుద్దీపంలో జడవాయువు నింపి టంగ్‌స్టన్ తీగ ఆయువును పెంచినది ఆయనే. ఉపరితల రసాయనశాస్త్రంలో చేసిన కృషికి 1932లో నోబెల్ బహుమతి లభించినది.

అంతటి కీర్తి గడించిన పిదప కూడా ఆయన మట్టిని చిన్నచూపు చూడలేదు. కాలిఫోర్నియా బెంటొనైట్ మట్టి కలిపిన నీరు కదలకుండా ఉంచితే రెండు పొరలుగా విడిపోయినదని 1938లో ప్రకటించినారు. పై పొరలో రేణువులు ఎటుపడితే అటు తిరిగి ఉన్నవి. అడుగు పొరలో ఒకే దిక్కుకు వరుసతీరినవి. ద్రవంవలె పారుతూ, స్ఫటికంవలె క్రమం పాటించే ఇట్టి స్థితినే ద్రవస్ఫటికం అంటారు. నేటి టెలివిజన్ తెరలలో పనిచేసేదీ ఈ జాతి పదార్థమే.

అయితే కొంతకాలం గడచిన పిదప ఆ మట్టినీరు మునుపటివలె విడిపోలేదు. ఆ సంగతిని ఆయన దాచలేదు.

1949లో ఆన్‌సాగర్ దీనికి సిద్ధాంతం కల్పించినారు. పెట్టెలో పళ్లేలు కొద్దిగా ఉంటే ఎటైనా తిరుగుతాయి. కిక్కిరిస్తే ఒకదానిపై ఒకటి సర్దుకొనక తప్పదు. పలకలవంటి రేణువులదీ అదే గతి. కాని మట్టిరేణువుల అంచులకు, ముఖాలకు విద్యుదావేశాలు వేరు కావడంవల్ల, వరుసతీరకమునుపే అవి పేకముక్కల ఇల్లువలె చిక్కుకొని ముద్దకడతాయి.

లాంగ్‌మ్యూర్ 1957 ఆగస్టు 16న కన్నుమూసినారు. 1977లో మన పొరుగున బెంగుళూరులో చంద్రశేఖర్, ఆయన సహచరులు బిళ్లలవంటి అణువులు కూడా ద్రవస్ఫటికమవుతాయని చూపినారు. ఇక 1998లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఫాన్ డెర్ కోయ్, లెకర్‌కెర్కర్ అనే శాస్త్రజ్ఞులు గిబ్బ్‌సైట్ అనే ఖనిజపు పలకలకు పాలిమర్ పూత పూసినారు. నూగువంటి ఆ పూత పలకలను అంటుకొననీయలేదు. ద్రవం రెండు పొరలుగా విడిపోయినది. లాంగ్‌మ్యూర్ చూచినట్టి దృశ్యం అరువదియేండ్లకు తిరిగి స్థిరంగా కనిపించినది.

ప్రయోగశాలలో రావలసిన అంకె రాకపోతే దిద్ది వ్రాసే అలవాటు మనలో లేదా? లాంగ్‌మ్యూర్ ఆ విధంగా చేసి ఉంటే తరువాతివారికి చిక్కు ఎక్కడున్నదో తెలిసేది కాదు. ఫలించిన ప్రయోగంతోపాటు ఫలించనిదానినీ ఉన్నదున్నట్లు వ్రాయడం శాస్త్రధర్మమని ఆయన జీవితం మనకు బోధిస్తున్నది.