జేమ్స్‌ని ఎవరూ అడగలేదు

ఎడ్వర్డ్ జెన్నర్ అంటే మనలో చాలామందికి స్కూల్లో చదివిన ఒక మార్కు బిట్. మశూచికి టీకా కనిపెట్టినవాడు, అంతే. ఆ బిట్ వెనక ఇద్దరు ఎనిమిదేళ్ల పిల్లలున్నారు. మొదటివాడు జెన్నరే.

1749లో ఇంగ్లండ్‌లో బర్క్‌లీ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి చర్చి పాస్టరు. ఐదేళ్లకే అమ్మానాన్నా ఇద్దరూ పోయారు. ఎనిమిదేళ్లప్పుడు, మశూచి రాకుండా ఉండాలని అప్పటి పద్ధతి ప్రకారం మశూచి పొక్కులో రసాన్నే వాడి చర్మంలోకి ఎక్కించారు. తేలిగ్గా వచ్చి తగ్గిపోతే మళ్లీ రాదు. కొందరికి మాత్రం తగ్గేది కాదు, ప్రాణమే పోయేది. దానికి ముందు పస్తులుంచి, ఒంట్లో రక్తం తీసి, వాడు నీరసించిపోయాక మిగతా పిల్లలతో పాటు ఒక గుర్రపుశాలలో పెట్టారు. బతికి బయటపడ్డాడు కానీ, ఆ రోజుల్ని పెద్దయ్యాక కూడా మర్చిపోలేదు.

తర్వాత లండన్‌లో జాన్ హంటర్ దగ్గర వైద్యం నేర్చుకుని సొంతూరికే తిరిగొచ్చాడు. కోకిల జాతి పక్షుల మీద పరిశోధన చేసి రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. (ఇది నాకు భలే నచ్చింది. టీకా కంటే ముందు పిట్టలు!) పాలు పితికేవాళ్లకి ఆవుల నుంచి కౌపాక్స్ అంటుకుంటే ఇక మశూచి రాదని ఆ ఊళ్లవాళ్లు చెప్పుకునేవాళ్లు. అది నిజమో కాదో తేల్చాలనుకున్నాడు.

1796 మే 14. సారా నెల్మ్స్ అనే పాలమ్మాయి చేతి పొక్కులోంచి రసం తీసి, తన తోటమాలి కొడుకు జేమ్స్ ఫిప్స్‌కి ఎక్కించాడు. జులై 1న ఏకంగా అసలు మశూచినే ఎక్కించాడు. మా సీఎస్‌ఈ భాషలో చెప్పాలంటే డైరెక్టుగా ప్రొడక్షన్‌లో టెస్టింగ్. పిల్లాడికి ఏమీ కాలేదు. కొన్ని నెలలాగి మళ్లీ ఎక్కించాడు. అప్పుడూ ఏమీ కాలేదు.

జెన్నర్‌ని విలన్‌ని చేయడం నా ఉద్దేశం కాదు. మశూచి ఎక్కించడం అప్పట్లో మామూలు వైద్యమే. 1798లో వేసిన పుస్తకంలో 11 నెలల సొంత కొడుకు మీద చేసిన ప్రయత్నం కూడా ఉంది. కానీ అదే పుస్తకంలో జేమ్స్ 17వ కేసు. ఏడో రోజు చంకలో ఇబ్బంది, తొమ్మిదో రోజు చలి, కాస్త తలనొప్పి, అన్నీ రాశాడు. వాడు సరే అన్నాడా లేదా అన్నది మాత్రం ఎక్కడా లేదు. గుర్రపుశాలలో గడిపిన మనిషికి కూడా ఆ ప్రశ్న తట్టలేదు. నన్ను ఆపేసింది ఇదే.

1802లో బొంబాయిలో మన దేశపు మొదటి టీకా పడింది కూడా అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాపకి.

ఇప్పుడు రూలు మారింది. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం పరిశోధనలో పిల్లల్ని చేర్చాలంటే తల్లిదండ్రుల సంతకం ఒక్కటే చాలదు. 7 నుంచి 12 ఏళ్ల వాళ్లకి అర్థమయ్యేలా చెప్పి నోటిమాటగా ఒప్పుకోలు తీసుకోవాలి, 12 దాటితే రాతపూర్వకంగా. మా చెల్లికి పదేళ్లు. జడ ఎలా వేయాలో కూడా తనే డిసైడ్ చేస్తుంది. దాన్ని అడగకుండా సూది గుచ్చే ధైర్యం ఎవరికుందో చూడాలి.

జెన్నర్ తర్వాత జేమ్స్‌కి అద్దె లేకుండా ఒక చిన్న ఇల్లు ఇచ్చాడు. 1823లో జెన్నర్ చనిపోతే జేమ్స్ అంత్యక్రియలకి వెళ్లాడు. 1968లో ఆ ఇంటిని మ్యూజియం చేశారు. పేరు జెన్నర్ మ్యూజియం.