విద్యాచింతకుడు ఇబ్న్ ఖల్దూన్

చరిత్రకారునిగా ఇబ్న్ ఖల్దూన్ పేరు వినని విద్యావంతులు అరుదు. రాజ్యాలు ఎందుకు లేస్తాయి, ఎందుకు కూలుతాయి అన్న ప్రశ్నకు కారణాలు వెదకిన మేధావిగా ప్రాక్పశ్చిమ పండితులు ఆయనను కీర్తిస్తూ వచ్చారు. కాని ఆ మహనీయుని జీవితంలో మరొక పార్శ్వం ఉంది. ఆయన అధ్యాపకుడు. చెప్పిన పాఠం విద్యార్థికి నిజంగా అందినదా లేదా అన్న విషయాన్ని గురించి ఆరు వందల ఏళ్ళకు పూర్వమే ఆయన లోతుగా ఆలోచించారు. మన కళాశాల విద్యార్థులకూ, పాలకవర్గ సభ్యులకూ ఈ పార్శ్వమే ఎక్కువ ఉపయోగకరమని తలచి, ఆయన జీవితాన్ని ఆ దృష్టితో ఇక్కడ పరిచయం చేస్తున్నాము.

ఇబ్న్ ఖల్దూన్ అసలు పేరు అబ్దుర్రహ్మాన్. ఉత్తరాఫ్రికాలోని ట్యూనిస్ నగరంలో హిజ్రీ 732 రంజాన్ మాసం మొదటి దినాన, అనగా క్రీ.శ. 1332 మే 27న జన్మించారు. వారి వంశీయులు యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుండి వచ్చి అందలూసియాలోని సెవిల్ నగరంలో తరతరాలు ఉన్నత పదవులు నిర్వహించినవారు. 1248లో ఆ నగరం క్రైస్తవ రాజుల వశం కావడానికి ముందే ఆ కుటుంబం ఆఫ్రికా తీరానికి తరలి వచ్చింది. బాల్యంలోనే ఆయన ఖురాన్ కంఠస్థం చేశారు. హదీసు, ఫిఖ్, అరబ్బీ వ్యాకరణం, కవిత్వం అభ్యసించారు. అల్ ఆబిలీ అనే గురువు వద్ద తర్కం, గణితం, తత్త్వశాస్త్రం నేర్చుకొన్నారు.

ఇంతలో 1348-49 ప్రాంతంలో ప్లేగు మహమ్మారి ఆ దేశాన్ని ముంచివేసింది. పదిహేడేళ్ళ వయస్సు నిండీ నిండకముందే ఆయన తల్లిదండ్రులనూ, గురువులలో అనేకులనూ పోగొట్టుకొన్నారు. ఒక గురువు మరణిస్తే ఆయనతో పాటు ఒక బోధనా సంప్రదాయమే అంతరిస్తుందన్న సత్యం ఆయనకు గ్రంథాల వలన గాక అనుభవం వలన తెలిసింది. జ్ఞానం గురువు నుండి శిష్యునికి తెగని గొలుసుగా సాగాలని తరువాతి కాలంలో ఆయన నొక్కి చెప్పారు.

ఇరవై ఏళ్ళ వయస్సులో ట్యూనిస్ దర్బారులో చిన్న కొలువుతో ఆయన ఉద్యోగ జీవితం మొదలయింది. 1354లో ఫెజ్ నగరానికి వెళ్ళి సుల్తాను కొలువులో చేరారు. రాజకీయ కుట్రల అనుమానంతో 1357లో చెరసాల పాలై, దాదాపు రెండేళ్ళు అక్కడే గడిపారు. 1362లో గ్రెనడా చేరారు. 1364లో రాయబారిగా తన పూర్వికుల నగరమైన సెవిల్‌కు వెళ్ళగా, అక్కడి రాజు పేద్రో తన వద్దనే ఉండిపోతే పూర్వికుల ఆస్తిని తిరిగి ఇస్తానన్నాడు. ఇబ్న్ ఖల్దూన్ వినయంగా నిరాకరించారు. 1365లో బిజాయా రాజ్యంలో ప్రధాన పదవి లభించింది. అక్కడ ప్రభుత్వ కార్యాలు ముగించుకొని కోటలోని మసీదుకు వెళ్ళి ఆయన పాఠాలు చెప్పేవారు. రాజ్యాధికారం చేతిలో ఉన్న రోజులలో కూడా బోధనను విడిచిపెట్టలేదన్న మాట.

కొలువుల కల్లోలంతో విసిగి, 1375లో నేటి అల్జీరియాలోని ఇబ్న్ సలామా కోటలో కుటుంబంతో సహా ఆశ్రయం పొందారు. అక్కడ దాదాపు నాలుగేళ్ళు ఉన్నారు. జగత్ప్రసిద్ధమైన ముఖద్దిమా గ్రంథపు తొలి ప్రతిని 1377లో కేవలం ఐదు నెలలలో అక్కడనే ముగించారు. అందులోని ఆరవ ప్రకరణం విద్యలను, బోధనను గూర్చినది. మన ప్రస్తుత విషయానికి అదే ఆయువుపట్టు.

ఫెజ్ మదరసాలలో తాము చూచిన ఒక దుఃస్థితిని ఆయన అందులో వివరించారు. విద్యార్థులు సంవత్సరాల తరబడి గురువు సన్నిధిలో మౌనంగా కూర్చుంటారు. ప్రశ్న వేయరు, చర్చలో పాల్గొనరు. శక్తినంతా కంఠస్థం చేయడంలోనే వినియోగిస్తారు. విద్య పూర్తయినదని తామూ నమ్ముతారు, ఇతరులూ నమ్ముతారు. తీరా ఒక విషయం మీద మాట్లాడవలసి వచ్చినప్పుడో, ఇతరులకు బోధించవలసి వచ్చినప్పుడో వారి కొరత బయటపడుతుంది. వారి జ్ఞాపకశక్తిలో లోపం లేదు. అది ఇతరుల కంటె మిన్నగానే ఉంటుంది. లోపించినది మలకా. ఉర్దూ విద్యార్థులకు ఈ మాట పరిచితమే. అభ్యాసం వలన మనస్సులో స్థిరపడి, కోరినప్పుడు పనికి వచ్చే పట్టు అని తెలుగులో చెప్పుకోవచ్చు.

ఈ సందర్భంలో ఆయన చూపిన లెక్క గమనింపదగినది. మదరసాలలో విద్యార్థి నివసించడానికి విధించిన గడువు ఫెజ్ నగరంలో 16 సంవత్సరాలు. ట్యూనిస్‌లో 5 సంవత్సరాలు. ఫెజ్ గడువు అంతగా పెరగడానికి అక్కడి విద్యలో గొప్పతనం కారణం కాదు. బోధన దెబ్బతిన్నందువల్ల అదే విద్యకు అంత కాలం పట్టవలసి వచ్చిందని ఆయన నిర్ణయం. చర్చకు సమయం ఇస్తే పాఠ్యభాగం పూర్తి కాదని భయపడేవారికి ఇంతకంటె సూటియైన సమాధానం లేదు. ఫెజ్‌లో మౌనానికి చెల్లించిన మూల్యం పదకొండేళ్ళు.

దీనికి ఆయన సూచించిన మార్గం మూడు ఆవృత్తుల బోధన. మొదటిసారి ప్రతి అధ్యాయంలోని ముఖ్యాంశాలను మాత్రమే చెప్పాలి. ఆ సమయంలో విద్యార్థి బుద్ధిబలం ఎంత, గ్రహించడానికి అతడు ఎంతవరకు సిద్ధంగా ఉన్నాడు అన్నది గురువు గమనిస్తూ ఉండాలి. రెండవసారి వివరాలనూ, పండితుల అభిప్రాయ భేదాలనూ తెలియజేయాలి. మూడవసారి ఏ చిక్కుముడీ మిగలకుండా విప్పాలి. ఆరంభంలోనే కఠిన విషయాలు మీద పడితే విద్యార్థి తన బుద్ధినే నిందించుకొని విద్యకు దూరమవుతాడు. దండనతో పెరిగిన పిల్లవానికి అబద్ధమూ, కపటమూ అలవాటవుతాయని కూడా ఆయన హెచ్చరించారు. భయపడిన విద్యార్థి అర్థం కాకపోయినా అర్థమయిందనే తల ఊపుతాడు గదా!

1383 ఆరంభంలో ఇబ్న్ ఖల్దూన్ కైరో చేరారు. విద్యార్థులు కోరగా అల్ అజహర్‌లో పాఠాలు చెప్పారు. 1384లో మాలికీ ఖాజీ పదవి లభించింది. న్యాయవిషయంలో పట్టు విడువనందున శత్రువులు పెరిగారు. ఆ రోజులలోనే, ట్యూనిస్ నుండి ఆయనను చేరుకోవడానికి బయలుదేరిన కుటుంబం నౌక మునిగి జలసమాధి అయింది. అంతటి దుఃఖంలోనూ ఆయన బోధనను మానలేదు. 1387లో హజ్ యాత్ర చేశారు. తరువాత చరిత్రకారునిగా ప్రఖ్యాతి పొందిన మఖ్రీజీ ఆయన శిష్యుడే. 1401లో డమాస్కస్ ముట్టడి వేళ కోటగోడ మీది నుండి త్రాళ్ళతో దిగి తైమూరును కలిసి సంభాషించారు. 1406 మార్చి 17న కైరోలో పరమపదించారు. బాబ్ అన్ నస్ర్ ద్వారం వెలుపలి సూఫీల శ్మశానవాటికలో ఆయనను ఖననం చేశారు.

ఆయన గుర్తించిన వ్యాధికి ఇటీవలి కాలంలో సులభమైన పరీక్షా సాధనాలు ఏర్పడ్డాయి. అమెరికాలో యాంజెలో, క్రాస్ అనే ఇద్దరు విద్యావేత్తలు రచించిన గ్రంథపు 1993 నాటి ముద్రణలో అటువంటి 50 పద్ధతులు ఉన్నాయి. వాటిలో ప్రసిద్ధమైనది ఒక నిమిషపు చీటి. పాఠం చివర విద్యార్థులు పేరు వ్రాయకుండా చిన్న కాగితం మీద రెండు సంగతులు వ్రాస్తారు: నేడు నేర్చిన ముఖ్యాంశం ఏది, ఇంకా తేలని సందేహం ఏది. దీనికి మార్కులు ఉండవు. అధ్యాపకుడు వాటిని చదివి, మరునాటి పాఠాన్ని ఆ సందేహాలతోనే మొదలుపెడతాడు. చీటీలు సేకరించి మూలన పడవేస్తే ప్రయోజనం లేదు. చర్చకు చీటి ప్రత్యామ్నాయమూ కాదు. అది చర్చకు తొలి మెట్టు మాత్రమే.

మనవంటి కళాశాలకు ఈ విషయం మరింత ముఖ్యం. ఉర్దూ మాధ్యమం నుండి వచ్చినవారు, తెలుగు మాధ్యమం నుండి వచ్చినవారు ఒకే బల్ల మీద కూర్చుంటారు. ఎందరో విషయం తెలియక గాక, భాష తడబడుతుందన్న సంకోచంతో నోరు విప్పరు. ఆ చీటి ఏ భాషలో వ్రాసినా సందేహం సందేహమే. వార్షిక పరీక్షా ఫలితాలలో ఉత్తీర్ణుల సంఖ్య చూచి మనం సంతోషిస్తాము, లేదా విచారిస్తాము. కాని అప్పటికి ఆ సంవత్సరం గడిచిపోయి ఉంటుంది. తప్పిన విద్యార్థికి ఆ లెక్క వలన ఒరిగేది లేదు.

కనుక పాలకవర్గ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. వారానికి ఒకసారియైనా ప్రతి తరగతిలో చివరి ఐదు నిమిషాలను ఇందుకు కేటాయించే ఏర్పాటు చేయవలెను. దానికి కావలసినవి కొన్ని కాగితాలు, కొంత ఓర్పు. విద్యార్థులకు చెప్పేది కూడా ఒక్కటే. అర్థం కాలేదని చెప్పడం అవమానం కాదు. గురువుకు మీరు చేసే సహాయం. ఇబ్న్ ఖల్దూన్ కోరిన విద్యార్థి తరగతిలో మాట్లాడే విద్యార్థి.