సూరత్ మేస్త్రీ, కంపెనీ డాక్: లవ్‌జీ వాడియా జీవితం

1735లో సూరత్‌లో ఈస్టిండియా కంపెనీ కోసం ‘క్వీన్’ అనే ఓడ తయారైంది. ఆ పని మీద బొంబాయి నుంచి వచ్చిన డడ్లీ అనే కంపెనీ అధికారి దృష్టి దాన్ని కట్టిస్తున్న మేస్త్రీ మీద పడింది. ఆయన లవ్‌జీ నుస్సర్వాన్‌జీ. ధన్‌జీభాయ్ అనే ఓడల నిర్మాత దగ్గర పనిచేస్తున్న పార్సీ వడ్రంగి. ఓడలు కట్టేవారిని గుజరాతీలో ‘వాడియా’ అంటారు. అదే ఆ కుటుంబానికి ఇంటిపేరైంది.

అప్పటికి సూరత్ రేవు ప్రాభవం తగ్గుతోంది. తాపీ నదిలో ఇసుక మేటలు పెరిగాయి, కంపెనీ తన కేంద్రాన్ని బొంబాయికి మార్చుకుంది. అక్కడ స్థలముంది, డబ్బుంది. కానీ ఓడలు కట్టే పనివాళ్లు లేరు. 1736లో లవ్‌జీ కొద్దిమంది వడ్రంగులను వెంటబెట్టుకుని బొంబాయి వెళ్లారు.

అక్కడ మొదలైన పనిలో రెండు పక్షాలూ తమకు తెలిసింది తెచ్చాయి. పలకల అంచులకు గాడి తీసి ఒకదానిలో ఒకటి బిగించడం, మధ్యలో దూది, గుగ్గిలం పెట్టడం సూరత్ పద్ధతి. యుద్ధ నౌకల రూపురేఖలు, కొలతలు యూరప్ నుంచి వచ్చాయి. ఓక్ చెక్కలోని ఆమ్లం ఇనుప మేకులను తినేస్తుంది. టేకులోని నూనె వాటిని కాపాడుతుంది. అందుకే కలప ఎంపిక కీలకమైంది. టేకు బేరాలకు లవ్‌జీ స్వయంగా ఉత్తరాది అడవుల వైపు వెళ్లారు. 1750లో బొంబాయిలో డ్రై డాక్ సిద్ధమైంది. 1765 నాటికి మరో రెండు వచ్చాయి.

అయితే లెక్క సమానంగా తేలలేదు. డాక్ కంపెనీది, ఆర్డర్లు కంపెనీవి, లాభమూ కంపెనీదే. లవ్‌జీకి దక్కింది జీతం, గౌరవం. దాదాపు నాలుగు దశాబ్దాలు పనిచేసి 1774లో కన్నుమూసేనాటికి ఆయన మిగిల్చింది ఒక ఇల్లు, 20 వేల రూపాయల లోపు సొమ్ము.

కంపెనీ సొంతం చేసుకోలేకపోయింది ఒక్కటే, పనితనం. అది కాగితాల మీద కాక కుటుంబంలో ఉంది. కొడుకులు మాణెక్‌జీ, బొమన్‌జీ ఆయన స్థానంలోకి వచ్చారు. మనవళ్లు ఫ్రామ్‌జీ, జంషెడ్‌జీ నెలకు 12 రూపాయల కూలికి వడ్రంగులుగా చేరి, అడుగు నుంచి పని నేర్చుకున్నారు. దాదాపు 150 ఏళ్లు బొంబాయి డాక్‌లో ప్రధాన నిర్మాత పదవి వాడియాల చేతిలోనే ఉంది. బ్రిటిష్ నౌకాదళమూ వారి దగ్గర ఓడలు కట్టించుకుంది. 1842లో నాన్‌కింగ్ ఒప్పందంపై సంతకాలు జరిగిన ‘కార్న్‌వాలిస్’ అలా కట్టిందే.

జంషెడ్‌జీ 1817లో కట్టిన ‘ట్రింకోమలీ’ ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో నేటికీ నీటి మీదే ఉంది. లవ్‌జీ సూరత్ నుంచి తెచ్చిన పనితనానికి మిగిలిన సాక్ష్యం అది.