పల్లె గడపకు చేరిన సేవ: శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం

చెన్నపట్టణంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆంధ్ర మహిళా సభ సుపరిచితమైన సంస్థ. దానిని స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు ఆ నగరంలో ఒక ఆసుపత్రికీ, ఒక ప్రధాన రహదారికీ ఉన్నది. ఆ ఆసుపత్రిని ఎరిగినవారు అనేకులు. అయితే పల్లెటూళ్లలో పసిపిల్లలకు బాలవాడి, బాలింతకు మంత్రసాని, చదువు మానిన స్త్రీకి మళ్లీ చదువు అందించే ప్రయత్నం దేశవ్యాప్తంగా సాగడానికి ఆమె చేసిన కృషిని ఎరిగినవారు అంతమంది లేరు.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో జన్మించారు. తల్లిదండ్రులు బెనూరి కృష్ణవేణమ్మ, రామారావు గారలు. ఆనాటి ఆచారం ప్రకారం ఎనిమిదవ ఏటనే ఆమెకు వివాహం జరిగింది. యుక్తవయస్సు వచ్చిన తరువాత ఆ వివాహబంధంలో కొనసాగడానికి ఆమె అంగీకరించలేదు. పుట్టింటివారు ఆమె నిర్ణయాన్ని గౌరవించి అండగా నిలిచారు. ఆ కాలంలో ఒక మధ్యతరగతి కుటుంబం అటువంటి నిలకడ చూపడం సామాన్యమైన విషయం కాదు. అండ లేని స్త్రీల స్థితిగతులను గురించి ఆమె జీవితాంతం ఆలోచించడానికి ఈ అనుభవమే పునాది అయినది.

బాల్యం కాకినాడలో గడిచింది. స్వయంగా హిందీ నేర్చుకొని, చిన్న వయస్సులోనే స్త్రీల కొరకు ఒక హిందీ పాఠశాల నడిపారు. 1921లో గాంధీజీ కాకినాడకు వచ్చినప్పుడు దేవదాసీలు, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలు ఆయన మాటలు వినే అవకాశం కల్పించాలని పట్టుబట్టి, విరాళం సేకరించి, ఆ సమావేశం జరిపించారు. అప్పటికి ఆమెకు పన్నెండేళ్లు నిండలేదు. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభ సందర్భంగా ఏర్పాటైన ప్రదర్శనశాల ద్వారం వద్ద స్వచ్ఛంద సేవికగా నిలిచి, టికెట్టు లేని కారణంగా జవహర్‌లాల్ నెహ్రూను లోనికి పోనీయని బాలిక కూడా ఆమెయే. నిర్వాహకులు టికెట్టు కొని ఇచ్చిన తరువాతనే ఆయనకు ప్రవేశం లభించింది.

ఉప్పు సత్యాగ్రహంలో మద్రాసులో పాల్గొని, 1930 మొదలు 1933 వరకు మూడు పర్యాయాలు ఆమె కారాగారవాసం అనుభవించారు. మధుర కారాగారంలో చాలాకాలం ఒంటరిగా గడిపారు. చదువు లేక, చట్టం తెలియక, తమ పక్షాన మాటాడే దిక్కు లేక శిక్షలు అనుభవిస్తున్న స్త్రీలను ఆమె అక్కడ చూశారు. విడుదలైన పిదప తన చదువును తిరిగి ప్రారంభించాలని నిశ్చయించుకొన్నారు. అప్పటికి ఆమెకు ఇరువది నాలుగేళ్లు. ఆంగ్లంలో పాఠశాల చదువు లేదు. అయినా కాశీ హిందూ విశ్వవిద్యాలయం వారి మెట్రిక్యులేషన్ పరీక్షకు స్వయంగా చదివి ఉత్తీర్ణులైనారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆనర్సు చదవదలచినప్పుడు అక్కడ స్త్రీలకు వసతిగృహం లేదన్న అడ్డంకి ఎదురైంది. చదువుకోగోరిన మరికొందరు యువతులను కూడగట్టి, వసతి ఏర్పాటు చేసుకొని, ఆ అడ్డంకిని తొలగించుకొన్నారు. తదుపరి మద్రాసులో న్యాయశాస్త్రం చదివి న్యాయవాది అయినారు.

తాను పరీక్షకు పడిన శ్రమ ఇతర స్త్రీలకు తప్పాలన్న తలంపు నుండి 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ రూపుదిద్దుకొన్నది. మైలాపూరు పరిసరాలలోని తెలుగు బాలికలను చేరదీసి పాటలు, నాటకాలు, హిందీ నేర్పుతూ ఆరంభమైన చిన్న సంఘమే దానికి మాతృక. బాల్యవివాహం వల్లనో, వైధవ్యం వల్లనో, పేదరికం వల్లనో చదువు ఆగిపోయిన యువతులను కొద్దికాలంలోనే కాశీ మెట్రిక్ పరీక్షకు సిద్ధం చేయడం సభ ప్రధాన కార్యక్రమం అయినది. క్రమంగా వసతిగృహం, చేతిపనుల విభాగం, వైద్యశాల, నర్సుల శిక్షణ సమకూరాయి. చదివి బయటకు వచ్చిన స్త్రీకి జీవనోపాధి చూపకపోతే ఆ చదువు నిలువదని దుర్గాబాయి గ్రహించారు. అందుచేతనే తరగతిగదికి పక్కనే పనిశాల వెలసింది.

1946లో ఆమె మద్రాసు రాష్ట్రం నుండి రాజ్యాంగ పరిషత్తుకు ఎన్నికైనారు. ఆ పరిషత్తులో సభ్యత్వం వహించిన పదిహేనుమంది మహిళలలో ఆమె ఒకరు. 1952 ఎన్నికలలో ఓటమి ఎదురైనది. పిదప ప్రణాళికా సంఘ సభ్యత్వం లభించింది. 1953 జనవరి 22న ఆనాటి కేంద్ర ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్‌తో వివాహం జరిగింది.

మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సేవాసంస్థల సహాయార్థం 4 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ ధనాన్ని సక్రమంగా పంచడానికి 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడింది. దాని ప్రథమాధ్యక్షురాలు దుర్గాబాయి. మండలి పని ప్రారంభించగానే ఒక లోపం స్పష్టమైనది. ధనసహాయం కోరే సంస్థలన్నీ దాదాపు పట్టణాలలోనివే. పల్లెలలో సంస్థలు లేవు. కనుక అర్జీ పెట్టేవారు లేరు. అర్జీ లేకపోతే సహాయం అందదు.

ఈ లోపాన్ని పూరించడానికి 1954లో గ్రామీణ సంక్షేమ విస్తరణ పథకాలు ఆరంభమైనాయి. ఒక్కొక్క పథకం పరిధిలో ఇంచుమించు 25 గ్రామాలు, సుమారు 20,000 జనాభా ఉండేవి. అయిదేసి గ్రామాలకు ఒక కేంద్రం. ప్రతి కేంద్రంలో బాలవాడి, గర్భిణులకు, శిశువులకు ఆరోగ్యరక్షణ, స్త్రీలకు అక్షరాభ్యాసం, చేతిపనులు, వినోద కార్యక్రమాలు నడిచేవి. గ్రామసేవిక, చేతిపనుల ఉపాధ్యాయిని, శిక్షణ పొందిన మంత్రసాని ఆ పనులు నిర్వహించేవారు. గ్రామసేవికల శిక్షణలో కస్తూరిబా స్మారక నిధి సహకరించింది. పథకాన్ని నడిపే సంఘంలో అధికభాగం స్థానిక స్త్రీలే ఉండాలని నియమం. గ్రామస్థులు కూడా తమ శక్తికొలది ధనమో, స్థలమో, శ్రమో సమకూర్చాలి. తమ చేయి పడిన పనిని ఊరివారు తమదిగా భావించి కాపాడుకొంటారన్నది ఆమె విశ్వాసం.

ఆచరణలో ఆటంకాలు తక్కువ కాలేదు. పరాయి ఊరిలో ఒంటరిగా నివసించడానికి యువతులు జంకేవారు. వసతి దొరికేది కాదు. గ్రామాభివృద్ధి శాఖ వారి పనులూ, మండలి పనులూ ఒకే ఊరిలో పరస్పర సంబంధం లేక సాగేవి. 1957 నుండి ఈ రెంటినీ సమన్వయపరచి నడిపే పద్ధతి వచ్చింది. అన్నిటికంటె పెద్ద కొరత, పల్లెలో పనిచేయడానికి చదువుకొన్న పల్లె స్త్రీలు లభించకపోవడం. పట్టణాల నుండి వచ్చినవారు ఎక్కువకాలం నిలువలేదు. ఊరిలో స్థిరంగా ఉండగల స్త్రీకి ఉద్యోగానికి కావలసిన చదువు లేదు.

ఇక్కడ దుర్గాబాయికి మైలాపూరు తరగతి ఉపకరించింది. 1958లో మండలి వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమాన్ని ప్రవేశపెట్టింది. చదువు మధ్యలో ఆగిన స్త్రీలను, ముఖ్యంగా వితంతువులను, భర్త ఆదరణ కోల్పోయినవారిని, పేద కుటుంబాలవారిని చేర్చుకొని, రెండేళ్లలో పరీక్షకు సిద్ధం చేయడం దీని ఉద్దేశం. ఉత్తీర్ణులైనవారు ఉపాధ్యాయినులుగా, గ్రామసేవికలుగా, నర్సులుగా, మంత్రసానులుగా శిక్షణ పొంది పల్లెలకు తిరిగి పోవచ్చును. సహాయం పొందవలసిన స్త్రీయే సహాయం అందించే స్త్రీగా మారే మార్గం ఈ విధంగా ఏర్పడింది. అదే సంవత్సరం ఏర్పడిన జాతీయ స్త్రీవిద్యా సంఘానికి అధ్యక్షత వహించి, బాలికల విద్యలోని వెనుకబాటును తొలగించడానికి 1959లో ఆమె సమగ్రమైన నివేదిక సమర్పించారు.

పదవులనుండి వైదొలగిన పిమ్మట కూడ ఆంధ్ర మహిళా సభ పనిని హైదరాబాదులో విస్తరింపజేయడంలో దంపతులిరువురూ నిమగ్నులైనారు. కళాశాలలు, వైద్యశాల, అక్షరాస్యతా కేంద్రం అక్కడ వెలిశాయి. 1975లో భారత ప్రభుత్వం దుర్గాబాయిని పద్మవిభూషణ్ బిరుదుతో సత్కరించింది. ఆ సంవత్సరం అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం 33 ప్రాంతాలలో ఆరంభమై, అంగన్‌వాడీలకు దారి తీసింది. తల్లికి, బిడ్డకు ఒకే చోట, ఊరి స్త్రీ చేతుల మీదుగా సేవలు అందాలన్న ఆలోచనకు 1954 నాటి కేంద్రాలు ముందే బాట వేసి ఉన్నాయి. కుటుంబ వివాదాలకు ప్రత్యేక న్యాయస్థానాలు ఉండాలని ఆమె చిరకాలం వాదించారు. 1981 మే 9న ఆమె పరమపదించారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది.

స్వస్థలానికి దూరంగా ఉన్న నగరంలో, చదువు ఆగిపోయిన కొద్దిమంది తెలుగు యువతుల కొరకు ఆమె తొలి తరగతి నడిపారు. ఆ తరగతిలో నేర్చిన పద్ధతి ఇరువది ఏళ్ల తరువాత, తెలుగు ఎరుగని రాష్ట్రాలలో సైతం, మళ్లీ పలక పట్టిన పల్లె స్త్రీలకు ఉపయోగపడింది.